గుండె లయను సరిచేసే మందు, పశువుల నొప్పి: లిగ్నోకెయిన్ ప్రయోగాలు నేర్పే అంశాలు

కొమ్ము మొగ్గలు కాల్చే ముందు దూడకు ఇచ్చే లిగ్నోకెయిన్ సూదిమందు పశువైద్యశాలలన్నింటిలోనూ ఉంటుంది. లిడోకెయిన్ అనేది దీనికే మరొక పేరు. గుండె లయ తప్పినప్పుడు వైద్యులు రక్తనాళంలోకి ఎక్కించే మందు కూడా ఇదే. ఒకే పదార్థం ఈ రెండు పనులు ఎలా చేయగలదు? ఎలుకల్లో కనిపించిన నొప్పి నివారణను దూడకు, మేకపిల్లకు ఎంతవరకు అన్వయించవచ్చు? సమగ్ర వ్యవసాయ క్షేత్రాలలో పైరుతోపాటు పశువును కూడా చూసుకోవలసిన విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఈ ప్రశ్నలు అవసరమైనవే.

సేద్య విభాగానికి చెందిన ఈ రచయిత ఈ విషయంపై రాయడానికి బార్లీ పైరు కూడా ఒక కారణం. 1930వ దశకంలో స్వీడన్‌లో హన్స్ ఫాన్ ఆయిలర్, పత్రహరితం లోపించిన బార్లీ ఉత్పరివర్తనాలను పరిశీలిస్తూ గ్రామిన్ అనే ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. దాని నిర్మాణాన్ని తేల్చే క్రమంలో హోల్గర్ ఎర్ట్‌మన్, అవే పరమాణువులు వేరొక అమరికలో ఉండే ఐసోగ్రామిన్‌ను తయారుచేసి రుచి చూడగా నాలుక మొద్దుబారింది. మొక్కలోని గ్రామిన్‌కు ఆ గుణం లేదు. ఆ జాడను పట్టుకొని నీల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో లిగ్నోకెయిన్‌ను రూపొందించారు. 1948లో అది విపణిలోకి వచ్చింది. 1950 నుండి గుండె జఠరికల లయదోషాలకు కూడా దానిని ప్రయోగించారు. నోటి ద్వారా ఇస్తే కాలేయం దానిలో అధిక భాగాన్ని ముందే విచ్ఛిన్నం చేస్తుంది. అందువల్ల నోటి ద్వారా పనిచేసే దాని సమీప బంధువు మెక్సిలెటిన్ వాడుకలోకి వచ్చింది.

మందు పనిచేసే తీరు

నాడి అయినా, గుండె కండరమైనా, సంకేతం సాగాలంటే కణపొరలోని సోడియం ఛానెళ్లు తెరుచుకోవాలి. ఇవి విశ్రాంతి, తెరుచుకున్న స్థితి, తాత్కాలికంగా నిష్క్రియమైన స్థితి అనే మూడు దశల్లో ఉంటాయి. విశ్రాంతిలో ఉన్న ఛానెల్‌కు లిగ్నోకెయిన్ బలహీనంగా, మిగిలిన రెండు దశల్లో ఉన్నదానికి గట్టిగా అంటుకుంటుందని 1977లో బెర్టిల్ హిల్లె, అదే ఏడాది హోండెగెమ్, కాట్‌జుంగ్ ప్రతిపాదించారు. చెరువు తూము తలుపు ఎంత తరచుగా తెరుచుకుంటే అంత తరచుగా చెత్త ఇరుక్కునే అవకాశం ఉన్నట్లే, ఎడతెరిపి లేకుండా స్పందించే కణంలో మందు ఎక్కువగా నిలుస్తుంది. రక్తసరఫరా తగ్గి దెబ్బతిన్న గుండె కండరంలో అకాల స్పందనలను అది అణచివేయడానికి కారణం ఇదే. తెగిన నాడి చివర నుండి, బయటి ప్రేరణ ఏదీ లేకుండానే, వెలువడే స్పందనలను అణచడానికీ ఇదే కారణం.

ఇక్కడ గాఢతల మధ్య తేడాను విద్యార్థులు లెక్కవేసి చూడాలి. 2 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు, అంటే 20,000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. గుండె లయకై రక్తంలో నిలిపే స్థాయి మిల్లీలీటరుకు కొద్ది మైక్రోగ్రాములే. నాడి పక్కన సూదితో వేసిన మందు అన్ని సంకేతాలనూ ఆపివేస్తుంది. రక్తంలో తిరిగే మందు అతిగా స్పందించే తంతువులను మాత్రమే నెమ్మదింపజేస్తుంది. ఈ రెంటినీ ‘నొప్పి నివారణ’ అనే ఒకే మాటతో చెప్పడం వల్లనే చాలా గందరగోళం కలుగుతున్నది.

ఎలుకల్లో కనిపించినది

ఈ రెండవ పద్ధతికి ఆధారం ప్రధానంగా ఎలుకల నుండే వచ్చింది. 1989లో చాబల్ తదితరులు, ఎలుకల సయాటిక్ నాడిని తెగగొట్టిన చోట ఏర్పడిన గడ్డ నుండి తమంతట తామే స్పందిస్తున్న తంతువులను లిగ్నోకెయిన్, టోకెయినైడ్, మెక్సిలెటిన్ మందులు అణచివేస్తాయని చూపారు. 1992లో డెవర్, వాల్, కాటలాన్ మరొక అడుగు ముందుకు వేశారు. రక్తంలోకి ఇచ్చిన లిగ్నోకెయిన్ ఆ గడ్డలోనూ, వెన్నుపాము పక్కనున్న నాడీసంధిలోనూ అసహజ స్పందనలను ఆపింది. కాని అవే నాడుల ద్వారా మామూలు సంకేతం ప్రయాణించడం ఆగలేదు. ఈ అంశంపై చదవవలసిన పరిశోధనలలో ఒకదానినే ఎంచమంటే ఈ రచయిత దీనినే ఎంచుతాడు.

1995లో చాప్లాన్ బృందం వెన్నునాడులు బిగించి కట్టిన ఎలుకలను పరిశీలించింది. సన్నని తంతువుతో తాకినా అవి పాదం లాక్కునేవి. లిగ్నోకెయిన్ ఇచ్చాక ఆ అతిసున్నితత్వం తగ్గింది. మందు రక్తం నుండి తొలగిన తరువాత కూడా ఉపశమనం కొనసాగడం అసలు విశేషం. ఛానెల్ మూసుకోవడం ఒక్కటే దీనిని వివరించలేదు.

అయితే ఎలుక పాదం లాక్కోవడం ఒక ప్రతిచర్య మాత్రమే. మందు మోతాదు పెరిగి జంతువు తూలితే, మగతగా ఉంటే అప్పుడూ పాదం కదలదు. పట్టికలో అది ‘నొప్పి తగ్గింది’ అనే నమోదవుతుంది. అందుకే ఇటువంటి ప్రయోగాలలో తిరిగే కడ్డీపై నిలబడగలదా అనే పరీక్ష కూడా జరపాలి. అది లేని ఫలితాన్ని అనుమానంతో చదవడమే మంచిది.

జాతిని బట్టి మారే ఫలితం

మెలకువగా ఉన్న గుర్రాలలో రక్తనాళం ద్వారా ఇచ్చిన లిగ్నోకెయిన్ చర్మంపై వేడిని తట్టుకునే స్థాయిని పెంచింది. పేగులు సాగినప్పటి నొప్పిపై మాత్రం ప్రభావం స్వల్పమే. పిల్లులలో వేడిని తట్టుకునే స్థాయి మారనే లేదు. పైగా మత్తులో ఉన్న పిల్లులకు ఈ మందు ఎక్కించినప్పుడు గుండె పనితీరు గణనీయంగా కుంగింది. గుండెకు మందు అయినది గుండెకే భారమవుతుందన్నమాట.

పాడిపశువు విషయంలో మరొక చిక్కు ఉన్నది. లిగ్నోకెయిన్ శరీరంలో విచ్ఛిన్నమైనప్పుడు 2,6-జైలిడిన్ ఏర్పడుతుంది. దీర్ఘకాలం తినిపించినప్పుడు ఇది ఎలుకల్లో ముక్కు కుహరంలో కణుతులు కలిగించినట్లు తేలింది. పాలు, మాంసం మనుషులకు చేరే పశువుకు రక్తం ద్వారా ఎక్కించే పద్ధతిని ఎలుకల ఫలితాలు చూసి సిఫారసు చేయడం తగదు. నాడి పక్కన వేసే కొద్ది మోతాదుకు సైతం పాలు ఎన్నాళ్లు ఆపాలో పశువైద్యుని అడిగి రైతుకు చెప్పాలి.

క్షేత్రంలో

సంకరజాతి దూడలకు కొమ్ము మొగ్గలు కాల్చేటప్పుడు కంటి బయటి మూలకూ కొమ్ము మొదలుకూ మధ్య ఎముక గట్టు కింద సాగే నాడి వద్ద పశువైద్యుడు మందు వేస్తాడు. కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదనుకుంటే 40 కిలోల దూడకు 200 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం ద్రావణం మొత్తం 10 మిల్లీలీటర్లు, పక్కకు 5 చొప్పున. ఇదే లెక్కన 4 కిలోల మేకపిల్లకు మొత్తం ఒక్క మిల్లీలీటరే. మేకలో కొమ్ముకు రెండేసి నాడులు వస్తాయి కనుక నాలుగు చోట్ల వేయాలి, ఒక్కో చోటికి పావు మిల్లీలీటరు. అంత తక్కువ చాలదనిపిస్తే మందును సెలైన్‌తో పలుచన చేయాలి తప్ప మోతాదు పెంచరాదు. దూడకు వాడిన సిరంజినే అదే కొలతతో మేకపిల్లకు వాడితే వణుకు, ఫిట్స్, ఆపై శ్వాస ఆగడం సంభవిస్తాయి.

సూది వేసిన వెంటనే ఇనుము కాల్చి పెట్టడం పల్లెల్లో తరచుగా కనిపించే అలవాటు. అయిదు నుండి పది నిమిషాలు ఆగి, కొమ్ము మొదట్లో సూదిమొనతో గుచ్చి చూసి, దూడ తల విదిలించకపోతేనే మొదలుపెట్టాలి.

మందు ప్రభావం సుమారు రెండు గంటలకు తగ్గుతుంది. న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో కొమ్ములు కోసిన దూడలపై 1998లో వెలువడిన పరిశోధనలలో, లిగ్నోకెయిన్ ఇచ్చినప్పుడు రక్తంలో కార్టిసాల్ మొదట అదుపులో ఉండి, మందు తొలగాక పెరిగింది. కీటోప్రొఫెన్ కూడా కలిపి ఇచ్చినప్పుడు ఆ రెండవ పెరుగుదల కూడా అణగింది. మన రైతు చూసేది మొదటి గంటే. సాయంత్రం దూడ మేత మానితే దానికి వేరే కారణం వెతుకుతాడు. రాబందులకు హానికరమని మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో, కీటోప్రొఫెన్‌ను 2023లో నిషేధించారు కనుక, ఇక్కడ ఆ తోడు మందు రాబందులకు సురక్షితమైన మెలాక్సికామ్ కావాలి.

కాల్చిన గాయం పూర్తిగా మానడానికి వారాలు పడుతుంది. అంతకాలం అక్కడి చర్మం తాకిడికి అతిసున్నితంగా ఉంటుందని దూడలపై జరిగిన పరిశీలనలు తెలుపుతున్నాయి. ఎలుకల ప్రయోగాలతో పోల్చదగిన స్థితి ఇదే, కాల్చే క్షణం కాదు. ఒత్తిడిని కొలిచే పరికరంతో గాయం అంచున, దానికి దూరంగా ఉన్న ఆరోగ్యకర చర్మంపైన వారానికొకసారి కొలతలు తీయడం స్నాతకోత్తర విద్యార్థికి సాధ్యమయ్యే పనే. కొలిచే వ్యక్తికి ఏ దూడ ఏ చికిత్స పొందిందో తెలియకూడదు. దూడ నడక, మేత, చెవుల కదలిక వేరుగా నమోదు చేయాలి.