రహదారి గస్తీ - తనిఖీ విధానము

గస్తీ, తనిఖీ, జరిమానా, జప్తు, రసీదు - ఈ మాటలన్నియు పారసీ, అరబీ భాషలనుండి ఉర్దూ ద్వారమున మన తెలుగునకు వచ్చినవే. మాటలు మన విద్యార్థులకు తెలియును. వాని వెనుకనున్న విధానము తెలిసినవారు తక్కువ. రాత్రివేళ మోటారు సైకిలుపై ఇల్లు చేరువారికి అది తెలిసియుండుట అవసరమని మేము భావించుచున్నాము.

తనిఖీకి మొదట కావలసినది తగిన స్థలము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగును. నడుపువాడు చూచి, గ్రహించి, బ్రేకు వేయులోపలనే ఇంచుమించు అంత దూరము గడచిపోవును; బండి నిలుచుటకు మరికొంత కావలెను. కావుననే మలుపు దాటిన వెంటనే గాని, వంతెన దిగుచోట గాని బండ్లను ఆపరాదు. తిన్నని బాట, చాలినంత వెలుతురు, దూరమునుండియే మెరయు బారికేడ్లు, ఆపిన బండ్లు ప్రక్కకు నిలుచుటకు చోటు ఉండవలెను. చీకటిలో హఠాత్తుగా రోడ్డు మధ్యకు వచ్చి చేయి చాచుట ఆ కానిస్టేబులు ప్రాణమునకే ముప్పు. ఆగక పోయిన బండిని తరుముటకంటె, నంబరు వ్రాసికొని ముందున్నవారికి వైర్‌లెస్‌లో తెలుపుటయే మేలని మా అభిప్రాయము. తరిమినచో దారిన పోవు మూడవవాడు బలియగును.

1988 నాటి మోటారు వాహనముల చట్టము పోలీసు అధికారమును, దాని హద్దును కూడ చెప్పినది. యూనిఫారములోనున్న పోలీసు అధికారి అడిగినచో లైసెన్సు చూపవలెనని 130వ సెక్షను. 2018లో నిబంధనలు సవరింపబడిన పిమ్మట ఫోనులోని డిజీలాకర్ పత్రమును చెల్లును. అధికారి లైసెన్సును తీసికొన్నచో రసీదు ఇచ్చి తీరవలెను. అడిగి పుచ్చుకొనుటకు మొగమాటపడరాదు.

మద్యపానము సంగతి వేరు. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో 185వ సెక్షను క్రింద నేరము. శ్వాసపరీక్షలో మద్యమున్నట్లు తేలినచో వారంటు లేకయే అరెస్టు చేయవచ్చును. పరీక్షకు నిరాకరించినను తప్పించుకొనలేరు. ఆ నిరాకరణమే కోర్టులో వారికి ప్రతికూలమగును. అయితే 202వ సెక్షను క్రింద అరెస్టయిన వానికి రెండు గంటలలోపల వైద్యపరీక్ష జరుపవలెను, లేనియెడల విడిచిపెట్టవలెను. స్త్రీనుండి పురుష వైద్యుడు రక్తము తీయునపుడు మరియొక స్త్రీ దగ్గర నుండవలెను.

ఇంటరు విద్యార్థులకు ముఖ్యమైనది 2019లో చేర్చిన 199ఎ సెక్షను. 18 ఏండ్లు నిండనివాడు లైసెన్సు లేక బండి నడిపి నేరము చేసినచో, తెలిసి బండి నిచ్చిన తండ్రికి మూడేండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. కుమారునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు.