పాత గ్రంథాలయం - పాఠకుల అసహనం

తెలుగులో ‘ఆలస్యం అమృతం విషం’ అనే నానుడి ఉన్నది. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో ‘దేర్ ఆయద్, దురుస్త్ ఆయద్’ అంటారు. ఆలస్యంగా వచ్చినా సవ్యంగా వచ్చిందని దాని భావం. రెండూ అనుభవం నుండి పుట్టిన మాటలే. అయితే ఏ పాత సంస్థను చూచినా సభ్యులు మొదటి సామెతను, నిర్వాహకులు రెండవ సామెతను పట్టుకొని కూర్చోవడం కనిపిస్తుంది.

పదిమంది చందాలతో, పదిమంది శ్రమతో వెలసిన సంస్థకు వయస్సు మీరినపుడు దానిలో మార్పులు మెల్లగా జరుగుతాయి. అందువల్ల సభ్యులలో అసహనం పెరుగుతుంది. ఆ అసహనాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి, దానితో ఎట్లా వ్యవహరించాలి అన్నదే ఈ వ్యాసంలో విచార్యాంశం. ఇందుకు గ్రంథాలయాన్ని ఉదాహరణగా తీసుకొనడం జరిగింది. విద్యార్థులకూ, కళాశాల కమిటీ వారికీ సమానంగా పరిచయమున్న సంస్థ అదే గనుక.

మన గ్రంథాలయాల వయస్సు

హైదరాబాదు నగరంలో అసఫియా కుతుబ్‌ఖానా 1891లో స్థాపితమయింది. నేడు అది అఫ్జల్‌గంజ్‌లో, మూసీ నది ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా నిలిచి ఉన్నది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావు గారి ఇంటిలో ప్రారంభమయింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషితో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. ఉర్దూ కుతుబ్‌ఖానాలైనా, తెలుగు భాషానిలయాలైనా మన గ్రంథాలయాలలో నూరేండ్లు దాటినవి అనేకం ఉన్నాయి.

వీటిని స్థాపించినవారు భవనం పూర్తయ్యే దాకా ఆగలేదు. ఒక ఇంటి గదిలోనో, ఒక అరుగు మీదనో పని మొదలుపెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలకెక్కించి, కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామాల మధ్య కాలువ ప్రయాణికులకు చదువుకొనడానికి అందించారు. తీరిక లేక గ్రంథాలయానికి రాలేని పాఠకుని వద్దకు గ్రంథాలయమే వెళ్ళింది. ఉన్న కాలువనూ, ఉన్న పడవనూ వాడుకొనడమే ఆ ఆలోచనలోని గొప్పతనం. పునరుద్ధరణను గురించి మాట్లాడేటపుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

జాప్యానికి కారణాలు

గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది. అయిదవది గ్రంథాలయాన్ని పెరిగే జీవిగా భావించమంటుంది. పాత గ్రంథాలయాలలోని సంఘర్షణ ఈ రెండు సూత్రాల మధ్యనే ఉన్నది. నూరేండ్లుగా పెరుగుతూ వచ్చిన జీవికి కొత్త నడక నేర్పుతుండగా, పాఠకుని కాలం ఆదా కావడానికి మారుగా మరింత వ్యయమవుతుంది.

మొదటి కారణం ధనం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం ననుసరించి పౌర గ్రంథాలయాలకు ఇంటిపన్నుతోపాటు సెస్సు వసూలవుతుంది. రూపాయి పన్నుకు అది 8 పైసలు. పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయవలసిన ఈ సొమ్ము సకాలంలో చేరకపోవడం చాలాకాలంగా ఉన్న సమస్య. కళాశాల గ్రంథాలయాలకు ఈ ఆధారం కూడా లేదు. అవి విద్యార్థుల ఫీజుల మీద, యాజమాన్యపు కేటాయింపు మీద, దాతల మీద ఆధారపడతాయి.

రెండవ కారణం శ్రమ. ఇది బయటికి కనిపించదు. ఇరవై వేల పుస్తకాలున్న ఒక కళాశాల గ్రంథాలయాన్ని ఊహించుకొందాం. యాక్సెషన్ రిజిస్టరులోనూ, కార్డులలోనూ ఉన్న వివరాలను కంప్యూటర్‌లోనికి ఎక్కించాలని కమిటీ నిశ్చయించింది. ‘కోహా’ అనే సాఫ్ట్‌వేర్ 2000లో న్యూజిలాండ్‌లోని ఒక గ్రంథాలయంలో మొదట వాడుకలోనికి వచ్చింది. అక్కడి మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. పేరుకు తగినట్లు దానిని వాడుకొనడానికి మూల్యం చెల్లించనక్కరలేదు. అయితే సాఫ్ట్‌వేర్ ఉచితమైనా శ్రమ ఉచితం కాదు. పుస్తకాన్ని తీసి, దుమ్ము దులిపి, రిజిస్టరుతో సరిచూచి, వివరాలు నమోదు చేసి, వెన్ను మీద చీటీ అంటించి, తిరిగి బీరువాలో పెట్టాలి. ఒక వ్యక్తి రోజుకు నలభై పుస్తకాలు పూర్తి చేస్తే ఇరవై వేలకు 500 పనిదినాలు పడుతుంది. ఏడాదికి 220 పనిదినాల చొప్పున లెక్కించినా రెండేండ్లు దాటుతుంది. ఈ కాలంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకొనే నిత్యకృత్యం ఆగడానికి వీలులేదు.

మూడవ కారణం మన వంటి సంస్థలకు ప్రత్యేకమైనది. మన బీరువాలలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పుస్తకాలు పక్కపక్కన ఉంటాయి. ఉర్దూ పుస్తకం కుడివైపు నుండి తెరుచుకొంటుంది. మీర్జా అసదుల్లా ఖాన్ అనే పేరుతో వెదికే పాఠకుడు ‘గాలిబ్’ అనే తఖల్లుస్ కింద ఉన్న పుస్తకాన్ని చేరగలగాలి. శ్రీశ్రీ కోసం వచ్చినవానికి శ్రీరంగం శ్రీనివాసరావు కింద ఉన్నది కూడా చిక్కాలి. ఆజాద్ పేరును ఇంగ్లీషులో ఇద్దరు ఇద్దరు విధాలుగా రాస్తే ఒకే గ్రంథకర్త ఇద్దరుగా చీలిపోతాడు. ఇదివరలో తెలుగు జాబితాను అను ఫాంట్లలోనూ, ఉర్దూ జాబితాను ఇన్‌పేజ్‌లోనూ టైపు చేయించి ఉంటే అవి యథాతథంగా కొత్త పద్ధతికి పనికిరావు. వాటిని యూనికోడ్‌లోనికి మార్చి, తప్పులు సరిదిద్దవలెను. ఈ పనికి రెండు లిపులూ తెలిసినవారు కావాలి. అట్టివారు దొరకడం కష్టం.

అసహనం - దాని రూపాలు

కారణాలన్నీ నిజమే. అయినా పాఠకుని అసహనం అబద్ధం కాదు. సంస్థ ఆయుర్దాయం వేరు. విద్యార్థి కాలం వేరు. కమిటీ ఒక పథకాన్ని అయిదేండ్లకు వేస్తుంది. డిగ్రీ విద్యార్థి మూడేండ్లకు వెళ్ళిపోతాడు. మొదటి సంవత్సరంలో అతడు కోరిన పుస్తకం, దీపం, చదువుకొనే బల్ల అతడు వెళ్ళిన తరువాత వస్తే సంస్థ దృష్టిలో అది సాఫల్యమే. ఆ విద్యార్థికి మాత్రం అది ఎన్నడూ రాలేదు. ‘కొంచెం ఓపిక పట్టండి’ అనే మాట ఇరుపక్షాల చెవులకు ఒకే విధంగా వినిపించకపోవడానికి కారణమిదే.

అసహనం అనేక రూపాలలో వ్యక్తమవుతుంది. ఫలానా పుస్తకం కావాలని అడిగి, మళ్ళీ మళ్ళీ వచ్చి అడిగేవాడు ఒకడు. పోయిన సంవత్సరం చేసిన వాగ్దానాన్ని గుర్తుచేసేవాడు మరొకడు. మార్పు రాలేదని కాక, వస్తున్నదని కలతపడేవారు కూడా ఉంటారు. నలభై ఏండ్లుగా కార్డుల సొరుగు లాగి వెదకడానికి అలవాటుపడిన పెద్దలు ఆ సొరుగులను తీసివేస్తారేమో అని భయపడతారు. వారి భయం నిర్హేతుకం కాదు. కార్డు అంచున పూర్వపు లైబ్రేరియన్ రాసిన చిన్న సూచన కంప్యూటర్‌లోనికి ఎక్కకపోవచ్చు.

వీరందరి కన్నా ఆలోచింపవలసినవాడు మరొకడున్నాడు. అతడు ఏమీ అనడు. రెండుసార్లు వచ్చి, పుస్తకం లేదని తెలుసుకొని, మూడవసారి రాడు. ఫిర్యాదు చేసేవానికి సంస్థ మీద ఇంకా ఆశ ఉన్నది. మౌనంగా వెళ్ళినవానికి ఆ ఆశ చచ్చిపోయింది. సూచనల పుస్తకం ఖాళీగా ఉన్నదని సంతోషించే కమిటీ ఒక్కసారి హాజరు పట్టిక కూడా తీసి చూడవలెను.

నిర్వాహకుల కర్తవ్యం

మొదటి కర్తవ్యం సమాధానం చెప్పడం. పాఠకుడు సూచనల పుస్తకంలో రాసిన దానికి ఆ పుటలోనే, తేదీతో, సంతకంతో జవాబు రాయవలెను. జవాబులు నాలుగు విధాలుగా ఉండవచ్చు: చేశాము, ఈ టర్ములోగా చేస్తాము, ఇంత సొమ్ము కావాలి, అది చేకూరితే చేస్తాము, చేయలేము, కారణమిది. ‘పరిశీలనలో ఉన్నది’ అనేది జవాబు కాదు. కాదన్న మాటను మనిషి సహించగలడు. అవునో కాదో తెలియని స్థితిని చాలాకాలం సహించలేడు.

రెండవది, నిలుపుకొనలేని గడువు చెప్పకుండడం. పైన చెప్పిన లెక్క వేయకుండా ‘మూడు నెలల్లో అంతా కంప్యూటర్‌లో ఉంటుంది’ అని వార్షికోత్సవ సభలో ప్రకటిస్తే, ఆ క్షణపు కరతాళధ్వనులే నాలుగవ నెలలో నిష్ఠూరాలుగా మారుతాయి.

మూడవది, పనికి వరుస నిర్ణయించడం. ఇరవై వేల పుస్తకాలనూ ఒకటవ నంబరు నుండి మొదలుపెట్టడం రిజిస్టరుకు అనుకూలం, పాఠకునికి కాదు. గత రెండేండ్లలో ఎక్కువగా ఇంటికి వెళ్ళిన పుస్తకాలను ఇష్యూ రిజిస్టరు చూచి ఏరాలి. అవి రెండు వేలనుకొంటే 50 పనిదినాలలో పూర్తవుతాయి. మిగిలిన పని రెండేండ్లు సాగినా, మొదటి టర్ములోనే విద్యార్థి ఫలితం అనుభవిస్తాడు. అట్లాగే కారే కప్పు, వెలగని దీపం, విరిగిన కుర్చీ - వీటిని పెద్ద పథకంలో కలిపి వాయిదా వేయరాదు. ఇవి అభివృద్ధి పనులు కావు, నిత్యపోషణ.

నాలుగవది, అడిగిన వానికి పనిలో భాగమివ్వడం. ఇస్లామీయ సంప్రదాయంలో షూరాకు, అనగా పరస్పర సంప్రదింపుకు, గౌరవస్థానమున్నది. దానిని పెద్దల సమావేశానికి మాత్రమే పరిమితం చేయనక్కరలేదు. ఉర్దూ విభాగం విద్యార్థి ఒకడు, తెలుగు విభాగం విద్యార్థి ఒకడు పక్కపక్కన కూర్చొని పేర్లు సరిచూస్తే, పైన చెప్పిన రెండు లిపుల కొరత చాలావరకు తీరుతుంది. పని ఎందుకు మెల్లగా సాగుతున్నదో వారికి ఉపన్యాసం లేకుండానే బోధపడుతుంది. అయితే విద్యార్థుల శ్రమను జీతగాని పనికి బదులుగా వాడుకొనడం అన్యాయం. వారానికి ఒకటి రెండు గంటలు, వారి ఇష్టం మీద, లైబ్రేరియన్ పర్యవేక్షణలో జరగవలెను.

అయిదవది, బల్ల దగ్గర కూర్చొనే ఉద్యోగిని కాపాడడం. పుస్తకాలు కొనే అధికారం అతనికి లేదు. నిధులు మంజూరు చేసే అధికారం లేదు. కాని పాఠకుని కోపం మొదట అతని మీదనే పడుతుంది. నిర్ణయాలు చేసేవారు నెలకొకసారైనా చదువుకొనే గదిలో కూర్చొని పాఠకులతో ముఖాముఖి మాట్లాడితే ఆ బరువు సరైన భుజాల మీదికి మారుతుంది.

పాఠకుల కర్తవ్యం

విద్యార్థులు కూడా కొన్ని విషయాలు గమనించవలెను. ‘ఇక్కడ ఏమీ లేదు’ అనే మాట కోపాన్ని తెలుపుతుంది కాని, పని జరిపించదు. పుస్తకం పేరు, గ్రంథకర్త, ముద్రణ, ఎంతమందికి అవసరం అనే వివరాలతో రాసిన నాలుగు పంక్తులను కమిటీ తోసివేయడం కష్టం. తీసుకొన్న పుస్తకాన్ని గడువులోగా తిరిగి ఇవ్వడం కూడా సంస్కరణలో భాగమే. ఒక్కటే ప్రతి ఉన్న పుస్తకాన్ని పరీక్షలయ్యే దాకా ఇంట ఉంచుకొన్న విద్యార్థి, తన తోటివాని అసహనానికి తానే కారకుడవుతున్నాడు.

అంతమాత్రాన ఓర్పు పాఠకుల వంతు, తీరిక నిర్వాహకుల వంతు అని భావించరాదు. అడిగిన దానికి సంవత్సరాల తరబడి జవాబు లేకపోతే మళ్ళీ అడగడం మర్యాదాభంగం కాదు, సభ్యుని ధర్మం. వసూలైన గ్రంథాలయ రుసుము ఎంత, ఖర్చయినది ఎంత, కొన్న పుస్తకాలెన్ని అనే లెక్కను ఏటా నోటీసు బోర్డు మీద పెట్టమని వినయంగా కోరవచ్చు. కోరక ముందే పెట్టడం కమిటీకి శోభ.

ఉపసంహారం

ప్రారంభంలో చెప్పిన రెండు సామెతలకూ వైరుధ్యం లేదు. ఆలస్యమైనా సవ్యంగా వచ్చిందని చెప్పుకొనాలంటే, ఆ వచ్చేదాకా ఎదురుచూచినవాడు అక్కడ మిగిలి ఉండాలి. అతనిని నిలిపేది వేగం ఒక్కటే కాదు. తన మాట ఎవరో విన్నారని, దానికి నిజమైన జవాబు దొరికిందని అతడు నమ్మాలి. రెండేండ్ల తరువాత రాబోయే మేలు ఈనాటి విద్యార్థికి అందకపోవచ్చు. కాని సూచనల పుస్తకంలో అతని పేరు కింద రాసిన జవాబు అతనికి అందుతుంది. అతడు కోరినది అతని తమ్ముడికో, చెల్లెలికో అందుతుంది. మనం నేడు చదువుతున్న పుస్తకాలు కూడా ఒకనాడు ఎవరో అడిగి, ఎవరో ఓపికతో సమకూర్చినవే. కాబట్టి విద్యార్థులు అడగడం మానరాదు. కమిటీ వారు జవాబు చెప్పడం మానరాదు. ఈ రెండూ సాగుతున్నంత కాలం గ్రంథాలయం ఎంత పాతదైనా అది పెరిగే జీవియే.