రంగు చూసి నమ్మకు

చి. అమ్మడికి,
సీతాఫలం ఆకు సారానికి ఎమ్‌సీఎఫ్-7 క్యాన్సర్ కణాలు చచ్చిపోతున్నాయంటూ నువ్వు పంపిన గ్రాఫు చూసి ఎంత సంతోషించానో! అయినా పేపరు రాయడానికి తొందరపడకు.

నువ్వు చేసింది ఎమ్‌టీటీ పరీక్ష. 1983లో మోస్‌మన్ ఈ పద్ధతి చెప్పిన దగ్గర్నుంచి అందరం దాని మీదే ఆధారపడ్డాం. బతికున్న కణం పసుపుపచ్చ రసాయనాన్ని ఊదా స్ఫటికాలుగా మారుస్తుంది. ఊదా తగ్గితే కణాలు చచ్చినట్టు లెక్క. కానీ మిషను చదివేది రంగునే తల్లీ, చావుని కాదు. ఆకుల్లో ఉండే క్వెర్సెటిన్ లాంటివి కణాల సాయం లేకుండానే పసుపుని ఊదా చేసేస్తాయి. అప్పుడు చచ్చిన కణాలూ బతికున్నట్టే కనిపిస్తాయి. సీతాఫలంతో దీనికి పూర్తిగా తిరగబడ్డ చిక్కు కూడా ఉంది. అందులోని అసిటోజెనిన్లు, రంగు మార్చడంలో పాలుపంచుకునే మైటోకాండ్రియాలోని కాంప్లెక్స్-1ని ఆపేస్తాయి. కాబట్టి కణం ఇంకా బతికుండగానే రంగు పడిపోవచ్చు. అందుకే ప్రతి ప్లేటులోనూ కణాలు లేకుండా సారం మాత్రమే పోసిన వెల్స్ ఉంచు. సారాన్ని కరిగించే డీఎమ్‌ఎస్‌ఓ మాత్రమే పోసినవి, క్యాన్సర్ మందు డాక్సోరూబిసిన్ పోసినవి ఎలాగూ ఉండాలి. ఆ పైన చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ వేసి, మైక్రోస్కోపు కింద చచ్చినవెన్నో నీ కళ్ళతో లెక్కపెట్టుకో.

మామూలు కణాల మీద చేశావా? గ్రాఫులో నాకు కనిపించలేదు. క్యాన్సర్ కణాన్ని బ్లీచింగ్ పౌడరూ చంపుతుంది. అదే మోతాదులో మంచి కణం బతుకుతోందా అన్నదే అసలు ప్రశ్న. నీ ఆకు విషయంలో అది మరీ ముఖ్యం. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో కొందరికి మామూలు మందులకు లొంగని పార్కిన్సన్ లాంటి జబ్బు వస్తోందనీ, లక్ష్మణఫలం పళ్ళు, ఆకుల కషాయం వాడకంతో దానికి సంబంధం కనిపిస్తోందనీ 1999లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ ఫలంలోని అనోనసిన్ ఎలుకల మెదడు కణాలను దెబ్బతీస్తుందని తర్వాత తేలింది. అదీ అసిటోజెనినే. లక్ష్మణఫలం, మన సీతాఫలం ఒకే ప్రజాతి చెట్లు.

ఇదంతా నిన్ను నిరుత్సాహపరచడానికి కాదు. షుగరుకు మందవుతుందేమోనని కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు బిళ్ళగన్నేరు సారాన్ని ఎలుకలకు ఎక్కిస్తే తెల్లకణాలు పడిపోయాయి. ఎందుకు పడిపోయాయో వదలకుండా వెతికారు కాబట్టే 1958లో క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ దొరికింది. అమెరికాలో యూ చెట్టు బెరడు మొదట సేకరించింది 1962లో. అందులోంచి వచ్చిన టాక్సాల్‌కు క్యాన్సర్ మందుగా అనుమతి దొరికింది 1992లో. నీ గ్రాఫు అలాంటి దారిలో మొదటి అడుగు, అంతే.

అందుకని పేపరు పేరులో ‘ప్రయోగశాలలో పెంచిన కణాలపై’ అన్న ముక్క తప్పకుండా పెట్టు. విలేకరులు అడిగినా ‘క్యాన్సర్‌కు మందు’ అన్న మాట నీ నోట రానీయకు. నీ పని గురించి విని ఊళ్ళోవాళ్ళెవరైనా ఫోన్ చేసి, ఆ ఆకు కషాయం తాగొచ్చా అని అడిగితే, వద్దని గట్టిగా చెప్పు. ఆసుపత్రిలో ఇచ్చే మందులు ఒక్కపూట కూడా మానొద్దని మరీ మరీ చెప్పు.

నీ పెద్దమ్మ