చెరి సగం, ఆ తర్వాత?



యూఏఈలోని ఫుజైరా నుంచి సెలవులో వచ్చి, కాకినాడలో ఫ్లాటుని భార్యాభర్తలిద్దరి పేరునా రిజిస్టర్ చేయించి, "ఒకరికేమైనా అయితే రెండోవాళ్లకి దానంతటదే వచ్చేస్తుంది" అనుకుని నిశ్చింతగా విమానం ఎక్కేవాళ్లు చాలామంది. ఈ ధీమా పుట్టేది బ్యాంకులో. ఖాతా ఫారం మీద 'ఐదర్ ఆర్ సర్వైవర్' అన్న గడిలో టిక్కు పెట్టిన అలవాటు. నిజానికి అక్కడ కూడా అది డబ్బు ఎవరి చేతికివ్వాలో బ్యాంకుకి చెప్పే ఏర్పాటే తప్ప, మిగతా వారసుల హక్కుని చెరిపేసేది కాదు. ఫ్లాటు దస్తావేజులో ఆ గడి అసలే లేదు.

అలాంటి ఏర్పాటు ఇంగ్లండులో, అమెరికాలో ఉంది. జాయింట్ టెనెన్సీ కింద ఇల్లు కొంటే ఒకరు పోగానే వాళ్ల హక్కు బతికున్నవారికే చెందుతుంది. మన దగ్గర ఉమ్మడి కుటుంబం ఆస్తికి తప్ప హిందూ ధర్మశాస్త్రంలో అలాంటి పద్ధతి లేదని 1896లోనే జోగేశ్వర్ నారాయణ్ దేవ్ కేసులో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. మిగిలిన ఆ ఒక్క దారినీ 2005 సెప్టెంబరు 9 నుంచి హిందూ వారసత్వ చట్ట సవరణ మూసేసింది.

ఇక లెక్క. చెరి సగంగా కొన్న 60 లక్షల ఫ్లాటు. భర్త వీలునామా రాయకుండా పోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారు. అతని సగం నాలుగు భాగాలవుతుంది; భార్యకి ముప్పై ఏడున్నర లక్షలు, పిల్లలకీ తల్లికీ తలా ఏడున్నర. పిల్లలు మైనర్లయితే వాళ్ల వాటా అమ్మడానికి కన్నతల్లి అయినా కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సిందే. అత్తగారు కూడా వీలునామా రాయకుండా కాలం చేస్తే ఆవిడ వాటా మళ్లీ చీలి ఆడపడుచులకీ మరుదులకీ కూడా వెళ్తుంది. అంతదాకా పలకరింపులకే పరిమితమైన బంధువులు ఫ్లాటులో భాగస్వాములవుతారు! వాళ్లు చెడ్డవాళ్లేం కారు, కానీ అమ్మకం రోజున అందరి సంతకాలూ కావాలి.

అదే మనిషి ఫుజైరా బ్యాంకులో దాచిన డబ్బుకి లెక్క మారిపోతుంది. ముస్లిమేతరుల కోసం 2023 ఫిబ్రవరి 1న అమల్లోకొచ్చిన యూఏఈ ఫెడరల్ చట్టంలో, వీలునామా లేకపోతే సగం జీవిత భాగస్వామికి, మిగతా సగం కొడుకూ కూతురూ తేడా లేకుండా పిల్లలకి. పిల్లలుంటే పోయిన మనిషి తల్లికి ఏమీ రాదు. కావాలంటే సొంత దేశపు చట్టాన్ని కోరుకునే వీలూ ఉంది.

కాబట్టి ఫ్లాటు కొనేటప్పుడు ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే రాయించాలి. లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఎవరు ఎంత డబ్బు పెట్టారని తవ్వుతుంది. ఆపైన భార్యా భర్తా ఎవరి వీలునామా వాళ్లు రాసుకోవాలి. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి. ఆస్తి పొందేవాళ్లని సాక్షులుగా పెట్టకపోవడం మేలు.

తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాం కదా అని వీలునామా వాయిదా వేసేవాళ్లూ ఉన్నారు. విదేశంలో రాసిన ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. అన్నీ కట్టినా, ఇచ్చిన మనిషి పోయిన రోజే సాధారణంగా దాని చెల్లుబాటూ పోతుంది.

ఇట్లు,
పెదనాన్న