మా తండా ఎక్కడుంది?



ఈ నెల గోడ పత్రికకు భూగోళం పాఠం ఒకటి రాయమని సోషల్ సారు నాకు చెప్పారు. పుస్తకంలో ఉన్నది ఎత్తి రాస్తే మీరెవరూ ఇక్కడ నిలబడి చదవరు. అందుకని నా సంగతితోనే మొదలుపెడుతున్నాను.

ఐదో తరగతిలో ఈ హాస్టల్‌కు వచ్చిన రోజు "ఏ ఊరురా నీది?" అని అడిగితే "దేవరకొండ" అని అబద్ధం చెప్పిన. మాది దేవరకొండ కాదు. అక్కడ బస్సు దిగి, ఆటో ఎక్కి, మళ్లీ నడిచి పోవాల్సిన తండా. పేరు చెప్తే "అదెక్కడిది?" అని నవ్వుతారని భయం. తర్వాత తరగతి గోడ మీది జిల్లా మ్యాపులో దొంగచాటుగా వెతికిన. నిజంగానే లేదు! ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఎందుకు లేదో ఇప్పుడు లెక్క కట్టి చెప్తాను. మ్యాపులో 1 సెంటీమీటరుకు 10 కిలోమీటర్లు అనుకోండి. మా తండా ఈ చివర నుంచి ఆ చివరకు 200 మీటర్లు. అంటే మ్యాపు మీద 0.2 మిల్లీమీటర్లు. పెన్సిల్ మొన కన్నా చిన్నది. తప్పు తండాది కాదు, స్కేలుది. సర్వే ఆఫ్ ఇండియా వారి టోపో షీటులో 1 సెంటీమీటరుకు 500 మీటర్లే. అందులో మా తండా 4 మిల్లీమీటర్లు వస్తుంది. ఏ మ్యాపు చూసినా ముందు మూలన ఉన్న స్కేలు చూడండి, తర్వాత మీ ఊరి కోసం వెతకండి.

రెండోది ఉనికి. దేవరకొండ సుమారు 16°42′ ఉత్తర అక్షాంశం, 78°56′ తూర్పు రేఖాంశం మీద ఉంది. మహబూబ్‌నగర్ కూడా దాదాపు అదే అక్షాంశం, కానీ పడమటికి ఒక డిగ్రీ దూరం. ఒక డిగ్రీకి 4 నిమిషాలు కాబట్టి పొద్దు దేవరకొండలో సుమారు 4 నిమిషాలు ముందు పొడుస్తుంది. (మహబూబ్‌నగర్ వైపు దోస్తులారా, ఆ 4 నిమిషాలు మీరు ఎక్కువ పండుకోవచ్చు, వార్డెన్ సారు ఒప్పుకుంటే!)

అంకెలతో చెప్పే ఉనికి ఎన్నటికీ మారదు. కానీ "దేనికి దగ్గర? దేనికి దూరం? దేనికన్నా ఎత్తు?" అని అడిగితే వచ్చే ఉనికి వేరు. దాన్ని సాపేక్ష ఉనికి అంటారు. మా బతుకంతా ఇందులోనే ఉంది. నాగార్జునసాగర్ మాకు దగ్గరే. 1955లో పునాదిరాయి వేశారు, 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌లలో వరి పండింది, రైస్ మిల్లులు వచ్చాయి. మా దిక్కు మాత్రం జొన్న, ఆముదం, మొగులు వంక చూపు. చిన్నప్పుడు మా నాయనమ్మను అడిగిన, "గంత పెద్ద చెరువు పక్కన పెట్టుకొని మనకెందుకు నీళ్లు లేవు?" అని. "మన రాత బిడ్డా" అన్నది. రాత కాదు. సాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు. దేవరకొండ వైపు నేల దానికన్నా ఎత్తు. కాల్వ నీళ్లు పల్లానికే పోతాయి, పైకి రావాలంటే మోటార్లు పెట్టాలి. అట్లా పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి రిజర్వాయరుకు తెచ్చారు. అక్కడి నుంచి 2004లో కృష్ణ నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో హైదరాబాదు పోయాయి. కిలోమీటర్ల లెక్కన మేం దగ్గర, పైపుల లెక్కన పట్నం దగ్గర!

ఇక ప్రాంతం. ఏదో ఒక లక్షణం కలిసిన జాగలన్నిటినీ ఒక్కటిగా చూస్తే అది ప్రాంతం. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కును ఫ్లోరైడ్ ప్రాంతం అంటారు. అక్కడి గ్రానైటు రాతిలో ఉన్న ఫ్లోరైడ్ భూమిలోని నీళ్లలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే కీడు. రంగు లేదు, వాసన లేదు, చూసి గుర్తుపట్టలేం. మా నాయనమ్మ పుట్టిల్లు అటే. పళ్లు పచ్చగైనాయి, నడుము వంగింది. మిషన్ భగీరథ నల్లా వచ్చి కృష్ణ నీళ్లు తాగుతున్నది గానీ వంగిన బొక్క మళ్లా సాపు కాదు. మ్యాపులో ఆ ప్రాంతానికి రంగు వేసేటప్పుడు నా చెయ్యి ఆగింది.

ప్రాంతం గీతలు మనుషులే గీస్తారు, మనుషులే చెరుపుతారు. మహబూబ్‌నగర్ జిల్లా 2016లో నాలుగైంది, 2019లో నారాయణపేటతో ఐదైంది. అయినా పుణెలో, ముంబైలో గుంపు మేస్త్రి వెంట పోయిన కూలీని అడగండి. "మాది పాలమూరు" అంటాడు, కొత్త జిల్లా పేరు చెప్పడు. మా మామ ఏడేళ్లు అట్లనే పోయిండు. ఆయన తెచ్చిన పైసలతోనే మా ఇంటి మీద రేకులు పడ్డాయి. తండాను చూసి పుణెను చూడకపోతే ఆ రేకులు ఎక్కడివో తెలియదు. దీన్ని చలనం అంటారు.

తొమ్మిదో తరగతిలో అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంట నుంచి వచ్చిన తమ్ముడున్నాడు. మ్యాపు గియ్యమంటే రోడ్డే గియ్యలేదు. తేనె పట్టే చెట్లు, ఎండాకాలం కూడా ఎండని చెలిమె, ఎలుగుబంటి తిరిగే గుట్ట గీసిండు. సర్కారు లెక్కలో అది పులుల అభయారణ్యం, వాడి లెక్కలో ఇల్లు. 2014 నుంచి కృష్ణ అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం. "మా చుట్టాలు అవతల కూడా ఉన్నరు కదన్నా, గీత ఎక్కడ గియ్యాలె?" అని అడిగిండు. నాకు జవాబు రాలేదు, సారును అడిగినం. రాష్ట్రం గీత నది నడుమ గియ్యి, చెంచుల గీత రెండు ఒడ్లనూ కలిపి గియ్యి, రెండూ మ్యాపులే అన్నారు.

2018 చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు చాలా గ్రామ పంచాయతీలయ్యాయి. మాది కూడా అయింది. ఇప్పుడు బోర్డు మీద పేరు ఉంది.

ఈ కాగితం పక్కన తెల్ల చార్టు అంటించిన. నల్లగొండ, పాలమూరు పాత జిల్లాల హద్దులు, కృష్ణ, డిండి మాత్రమే గీసిన. మీ తండా, మీ పెంట, మీ గూడెం ఎక్కడో చుక్క పెట్టి పేరు రాయండి. స్కెచ్ పెన్ను దారంతో కట్టి ఉంది, ఎవరూ తెంపుకపోవద్దు. నా చుక్క ముందే పెట్టిన, దేవరకొండ కింద ఎర్రది.

– పదో తరగతి విద్యార్థి