బ్యాటరీ సంగతి ముందు తేల్చుకో

విజయవాడ,
12 అక్టోబరు 2025

చిరంజీవి చిన్నాకి, మావయ్య ఆశీస్సులు.

ఐఫోన్ 17 కొననా మానేయనా అని అడిగావు. కొందామని సగం పైగా అనుకున్నాకే అడిగావని నాకు తెలుసులే. అయినా చెబుతాను. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఫోన్లంటే నాకు చిన్నచూపు లేదు. 2003 దాకా మన సెల్‌కి ఎవరైనా చేస్తే, ఎత్తినందుకు మనమే డబ్బు కట్టేవాళ్లం. ఆ రోజులు చూశాను కాబట్టి ‘కొత్తదెందుకురా దండగ’ అనే పాట నా నోట రాదు.

ముందు నీ చేతిలో ఉన్న 13 సంగతి చూద్దాం. సాయంత్రానికే ఛార్జింగ్ అయిపోతోంది, ఒక్కోసారి ఉన్నట్టుండి ఆరిపోతోంది, మ్యాప్ పెడితే నత్తనడక నడుస్తోంది అన్నావు. ఈ మూడూ వినగానే నా అనుమానం బ్యాటరీ మీదికి పోయింది. ఆ మోడల్ బ్యాటరీ 500 సార్లు పూర్తిగా ఛార్జయ్యాక 80 శాతం సామర్థ్యంతో ఉండేలా చేశామని యాపిల్ వాళ్లే చెబుతారు. నువ్వు కొని నాలుగేళ్లు కావస్తోంది, రోజూ రాత్రి ఛార్జింగ్ పెడతావు. లెక్క నువ్వే కట్టుకో. పైగా చుట్టూ వేడి 35 డిగ్రీలు దాటితే వాడొద్దనీ వాళ్లే అంటారు. నువ్వేమో మే నెల ఎండలో దాన్ని బైకు హ్యాండిల్‌కి బిగించి గచ్చిబౌలి అంతా తిప్పుతావు!

బ్యాటరీ పాతబడితే ఫోన్ ఎందుకు మందగిస్తుందో తెలుసా? ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే పాత బ్యాటరీ ఇవ్వలేదు, ఫోన్ ఠక్కున ఆరిపోతుంది. అలా ఆరిపోకుండా ప్రాసెసర్ వేగాన్నే తగ్గించేస్తారు. 2017లో యాపిల్ ఈ పని చేస్తున్నట్టు ఒప్పుకునేసరికి పెద్ద గొడవైంది, మరుసటి ఏడాదంతా బ్యాటరీలు తక్కువ ధరకి మార్చి ఇచ్చారు. ఫోన్ ముసలిదైపోయిందని అప్పటిదాకా అనుకున్నవాళ్లలో చాలామందికి బ్యాటరీ మార్చగానే పని జరిగిపోయింది. అందుకే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ తెరిచి, ఎంత శాతం ఉందో చూడు. 80కి అటూ ఇటూగా ఉంటే రోగం దొరికినట్టే. 90 పైన ఉండి కూడా ఇలాగే ఏడిపిస్తుంటే నా మాట పక్కన పెట్టి కొత్తది కొనుక్కో.

ఇంకొకటి. వీడియో తీస్తే బొమ్మ వణుకుతోందని మొన్న అన్నావు. బైకు ఇంజన్ అదురు అదేపనిగా తగిలితే కెమెరాని కుదురుగా ఉంచే భాగం దెబ్బతినవచ్చని 2021లోనే యాపిల్ హెచ్చరించింది. అది పోయి ఉంటే బ్యాటరీ ఒక్కటీ మారిస్తే తీరదు, రెండు రిపేర్ల ఖర్చూ కలిపి చూసుకోవాలి.

17 బాగాలేదని అనను. బెంజి సర్కిల్ దగ్గర షాపులో పట్టుకుని చూశాను. వేలితో పైకి నెడితే అక్షరాలు చెదరకుండా జారుతున్నాయి. నీ 13 తెర సెకనుకి 60 సార్లు మారితే ఇది 120 సార్లు మారుతుందట, కంటికి తెలుస్తోంది. 256 జీబీ నీకు నిజంగా పనికొస్తుంది. మిగతాదంతా నువ్వు చేసే పనులకి ఉన్నా లేకపోయినా ఒకటే. పాతదానికి అప్‌డేట్లు ఆగిపోతాయన్న భయం ఇప్పుడే అక్కర్లేదు. 2018లో వచ్చిన ఎక్స్‌ఆర్‌ని ఈ ఏడాది ఐఓఎస్ 26లోనే పక్కన పెట్టారు. నీది 2021ది, 26 దానికి వచ్చింది.

ఇక డబ్బు. ధర 82,900. రెండేళ్ల వాయిదాలంటే నెలకి సుమారు 3,450. ‘నో కాస్ట్’ అన్నాడని మురిసిపోకు. బ్యాంకు వేసే వడ్డీకి సరిపడా షాపువాడు ధరలో తగ్గిస్తాడు, నిజమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ నీ నెత్తినే పడుతుంది, చాలా కార్డుల్లో ప్రాసెసింగ్ ఫీజు అదనం. కార్డు లిమిట్‌లో ఆ మేరకు కోత సరేసరి. అదే 3,450 నెలనెలా ఆర్డీలో వేస్తే వచ్చే దసరాకి 41 వేలు దాటుతుంది. 17 రాగానే 16 ధర 79,900 నుంచి 69,900కి దిగింది, చూశావుగా. నీకు కావలసిన 17కీ ఆ యోగం పట్టకపోదు.

పాతది మీ అమ్మకిస్తానన్నావు. బ్యాటరీ మార్పించి ఇస్తానని కూడా నువ్వే అన్నావు. ఆ బ్యాటరీతో అమ్మకి పనికొచ్చేది నీకెందుకు పనికిరాదురా? ఆవిడ ఆండ్రాయిడ్‌లో మైకు నొక్కి తెలుగులో చెప్పి మెసేజ్‌లు పెట్టడం ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకుంది. ఆ మైకు బొమ్మ చోటు మారితే మళ్లీ ఫోన్ నా చేతికే వస్తుంది.

బ్యాటరీ సందులో షాపులో వేయించకు, సర్వీస్ సెంటర్‌కే పో. ఇచ్చేముందు బ్యాకప్ తీసుకో. మార్చాక సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ తెరిస్తే వేసింది అసలుదో కాదో చూపిస్తుంది. కౌంటర్ దగ్గరే చూసుకుని కదులు. దీపావళికి వచ్చేలోపు ఆ శాతం ఎంతో నాకు మెసేజ్ పెట్టు.

ఇట్లు,
మీ మావయ్య