కాయకమునకు కొలత

ఆయ్దక్కి మారయ్య కథ మన యిండ్లలో తెలియనిది కాదు. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరుకొనుట అతని కాయకము. ఒకనాడు అలవాటుకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ సంతసింపలేదు. ఎక్కువైన బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. ఈ కథను ఆశకు హెచ్చరికగా చెప్పుకొనుట వాడుక. శక్తికి మించిన పనికిని అది హెచ్చరికయే యని నాకు తోచుచున్నది.

ఆటిజం గలవారు స్వంతవృత్తి చేపట్టినపుడు ఈ కొలత మరింత అవసరము. ఆటిజం పుట్టుకతో వచ్చు మెదడు తీరు. వయసు వచ్చినంతమాత్రమున పోవునది కాదు. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని గుర్తించినది. వీరిలో పలువురికి ధ్వని, వెలుతురు, స్పర్శ ఇతరులకంటె తీవ్రముగ తగులును. పని నడుమ మార్పు వచ్చినచో మరల కుదురుకొనుట కష్టము.

స్వంత దుకాణమున తన క్రమము తన చేతిలో నుండును; అది మేలే. కాని వేళ ముగిసినదని చెప్పువారు లేరు. ఆటిజం గల ఒక దర్జీని తలచుకొనుడు. అతనికి కుట్టుటకంటె మనుష్యులతో మాటాడుటయే ఎక్కువ అలసట కావచ్చును. దసరా దగ్గరపడగానే రేపటికే కావలెనని నలుగురు వచ్చి నిలుచుందురు. కాదనుటకు నోరు రాక అన్నియు ఒప్పుకొని రాత్రులు కుట్టును. తుదకు మాట తగ్గును, చప్పుడు భరింపరానిదగును, చేతికి వచ్చిన పనియే సాగదు. ఇంటివారు దీనిని సోమరితన మందురు. అది అన్యాయము.

వారమునకు ఎన్ని జతలో ముందే నిర్ణయించి పలకపై వ్రాసి తగిలింపవలెను. నిండిన పిదప ఆ పలకయే కాదనును. కొలతలు, గడువు, కూలి కాగితముపై నుండవలెను. బట్టలు తెచ్చువారికి రోజునకు ఒక గంట చాలును. బేరము తండ్రియో చెల్లెలో చూచిన మరియు మంచిది. ఆ గంట పిమ్మట ఒంటరిగా కూర్చుండు సమయమును గూడ పనిలోనే లెక్కింపవలెను. చేతులూపుట అతనికి ఊరట యైనచో మాన్పింపరాదు. ఇంట లక్కమ్మవలె చాలుననువారు ఒకరుండవలెను. నిద్ర వారములకొలది చెడినను, బ్రతుకుపై విరక్తి మాటలు వినబడినను, మానసిక వైద్యునికి చూపుటలో ఆలస్యము తగదు.

మఠములకు ఒక విన్నపము. ఉత్సవమునకు జెండాలు, సంచులు ఇట్టివారిచే కుట్టించునపుడు నెల ముందుగా చెప్పుడు; సంఖ్యను నడుమ మార్చకుడు. స్వామివారి పని గదా యని కూలి తగ్గింపకుడు; చెప్పిన దినముననే ఇయ్యుడు.